బడితోటకు వేసవి పరీక్ష

పాఠశాలలో మొక్క నాటుట నేడు ఒక పండుగ. వానకాలము రాగానే ఏదో యొక శుభదినమున అతిథి వచ్చును. ముందే తవ్వి సిద్ధపరచిన గుంటలో మొక్కను నిలిపి, చేతికి మట్టి అంటనంత మెలకువతో పిడికెడు మన్ను వేయును. ఫొటో తీయుదురు. విద్యార్థులు చప్పట్లు కొట్టుదురు. 1928లో శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరు వృక్షారోపణోత్సవము జరిపెను. 1950లో కేంద్రమంత్రి కె. యం. మున్షీ వనమహోత్సవమును దేశమంతటికిని వ్యాపింపజేసెను. 2015లో తెలంగాణమున హరితహారము మొదలైనది. ఇన్ని ఉత్సవములు జరిగిన దేశములో మొక్కలు నాటువారికి కొరత లేదు. ఉత్సవముల ఉద్దేశమును శంకింపవలసిన పనియు లేదు. కొరత యెక్కడనగా, పండుగ మరునాడు ఆ మొక్క యేమగునన్నది ఎవరి దినచర్యలోను వ్రాయబడి యుండదు. మరుసటి యేడు అదే గుంటలో మరల నాటుదురు. మొక్క పెరుగకపోయినను గుంట మాత్రము ఏటేటా పెరుగుచుండును.

ఇందుకు ఉపాధ్యాయులను నిందించుట సులభమే కాని న్యాయము కాదు. తెలుగు రాష్ట్రములు రెండింటను బడులను ఏప్రిల్ నాలుగవ వారమున మూసి జూన్ రెండవ వారమున తెరచుచున్నారు. అనగా ఎండ మిక్కుటముగా కాయు ఏడు వారములు బడిలో మనిషి యుండడు. కొళాయి యున్నను త్రిప్పు చేయి లేదు. జూలైలో నాటిన మొక్కకు పిల్లలు తొమ్మిది నెలలు ఎంత ముద్దుగా నీరు పోసినను, దాని తలవ్రాతను వ్రాయునవి ఆ యేడు వారములే. అందుచేత బడితోటను ఆగస్టు పదునైదున చూచి మెచ్చుకొనుట పరీక్ష జరుగకముందే మార్కులు వేయుట వంటిది. దానిని చూడవలసిన దినము జూన్ మాసమున బడి తెరచిన మొదటి దినము. ఆనాటికి బ్రతికియుండగల మొక్కలను నాటవలెను. బ్రతుకలేని వానిని నాటి, పిదప నీరు పోయువారు లేరని విచారించుట వలన ప్రయోజనము లేదు.

బడులలో నాటుచున్నవేవి? ద్వారమునకు ఇరువైపుల క్రోటన్లు, ప్రధానోపాధ్యాయుని గది ముందు మెత్తని గడ్డి, జెండాకొయ్య చుట్టును గులాబీలు, ప్రహరీ వెంట బారుగా కోనోకార్పస్. కొంచెము కలిగిన పట్టణపు బడియైనచో వీనికి తోడు సున్నము కొట్టినట్టి తెల్లని బోదెలుగల విదేశపు తాటిజాతి చెట్లు. ఈ యెంపికలో తోటనుగూర్చిన యొక అభిప్రాయము దాగియున్నది. తోట యనగా కలెక్టరు బంగళా ముందరి తోట యని తెలుగువాని మనస్సులో నూరేండ్ల క్రిందట పడిన ముద్ర ఇంకను చెరగలేదు. ఆ బంగళాలో దొర యుండెడివాడు. దొరకు నలుగురు తోటమాలులుండెడివారు. దొరయు పోయినాడు, మాలులును పోయినారు, గడ్డిపై మోజు మాత్రము మిగిలినది. నూరు చదరపు మీటర్ల గడ్డి పచ్చగా నుండవలెనన్న మే నెలలో రోజునకు అయిదు మిల్లీమీటర్ల నీరైనను పట్టవలెను. ఎనిమిదవ తరగతి విద్యార్థి కట్టగల లెక్కయే ఇది: 500 లీటర్లు, ఇరువది లీటర్ల బిందెలైనచో పాతిక. త్రాగునీటికే బోరుబావి సన్నగిలిన గ్రామములో, పిల్లలైనను లేని బడిలో, గడ్డికై రోజునకు పాతిక బిందెలు మోయుమని ఎవరిని అడుగగలరు?

ఈ నేలలో పుట్టిన చెట్టునకు ఇట్టి చాకిరీ అక్కరలేదు. నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎదురుచూపు అను పద్ధతికి అది వేల యేండ్లుగా అలవాటుపడినది. వేపను చూడుడు. చలి తగ్గి ఎండ ముదురు వేళకు పాత ఆకును రాల్చి, ఉగాదినాటికి లేత ఎఱ్ఱని చిగురును, పూతను దాల్చును. ఎండ పూర్తిగా ముదిరిన మే నెలలో దాని నీడ చిక్కగా నుండును. కానుగ ఇంకను చిత్రమైనది. అది ఆకు రాల్చుటయు, చిగురించుటయు దాదాపు ఒక్క ఊపిరిలో జరుగును; మోడుగా నిలుచు దినములు బహు కొద్ది. నల్లరేగడి యైనను, ఇసుక యైనను, ఉప్పుగాలి యైనను కానుగ వెనుదీయదు. పాతకాలపు బాటలవెంట, బావిగట్లపై కానుగను నాటిన పెద్దలు వృక్షశాస్త్రము చదువలేదు. ఎండలో నడచినవారు, అంతే. మోదుగ ఆకు లేకుండ పూయును. రేల నిండువేసవిలో బంగారు గొలుసులు వ్రేలాడదీయును. బడి మూసియున్నప్పుడు పూయుట రేల చేసిన తప్పు కాదు. ఆ చెట్టు చూడముచ్చటగా నుండు కాలముననే పిల్లలు లేకపోవుట విచారకరమే యైనను, సెలవులలో ఆడుకొనుటకు బడి ఆవరణకు వచ్చు పిల్లలు ఊరూర నున్నారు.

ఇక తంగేడు. గట్టి ఎఱ్ఱనేల, రాతిగుట్ట, బాటప్రక్క కంకర, ఏదైనను దానికి చాలును. మోకాటినుండి తలయెత్తువరకు పొదగా పెరిగి సంవత్సరములో చాల భాగము పసుపుపచ్చని పూలతో నుండును. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపుష్పముగాను, జమ్మిని రాష్ట్రవృక్షముగాను ప్రకటించినది. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రవృక్షము వేప. ప్రశ్నపత్రములో ఈ మూడు పేర్లును అడుగుదురు. విద్యార్థులు తడబడక వ్రాయుదురు. ప్రహరీగోడ లోపల మాత్రము తంగేడునకు చోటు లేదు. బతుకమ్మ పండుగనాడు పిల్లలు తంగేడు పూలకై ఊరిబయట గుట్టలవెంట తిరుగుదురు, లేదా అంగడిలో కొనితెత్తురు. బడిగోడ వెంట ఏబది గజముల తంగేడు కంచె యున్నయెడల ఆ ఊరి పిల్లలకు పూల కరవుండదు. ఆ కంచెకు మూడవ యేటినుండి ఎవరును చెంబెడు నీరు పోయనక్కరలేదు.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. పెంపకమక్కరలేని చెట్టే కావలసినయెడల సర్కారుతుమ్మను మించినదేది? నిజమే. నీరు పోయనక్కరలేదు, మేక ఆకు ముట్టదు, నరికినకొలది చిగురించును. ఈ చెట్టు చరిత్ర తెలుగునాటనే మొదలైనది. మద్రాసు అటవీశాఖాధికారి బెడ్డోం 1876లో దీని విత్తనములను తెప్పింపవలెనని ప్రభుత్వమును కోరెను. కరవు సీమలో వంటచెరకునకు ఉపకరించునన్నది ఆయన ఉద్దేశము. జమైకా ద్వీపమునుండి వచ్చిన ఆ గింజలను కడపజిల్లా కమలాపురమున నాటిరి. బెడ్డోం మొక్కల నెరిగినవాడు. శేషాచల పర్వతములలో పెరుగు పేరిత యను అరుదైన మొక్క శాస్త్రనామమున ఆయన పేరు నేటికిని నిలిచియున్నది. అంతటివాని చేతిమీదుగా వచ్చిన చెట్టు చెరువుగర్భములను, బంజరులను, పశువుల మేతబయళ్లను ఆక్రమించి, తన నీడన మరియొక మొక్కను లేవనీయకున్నది. పేదవాని పొయ్యిలోనికి అది ఏబది ఏండ్లకు పైగా కట్టెనిచ్చిన మాటయు మరువరాదు. కాని ఒక చెట్టు మొండిదైనంత మాత్రమున తోటకు తగినది కాదని కమలాపురపు కథ చెప్పుచున్నది. తనంతట తాను బ్రతుకుట మొదటి పరీక్ష. ఇతరులను బ్రతుకనిచ్చుట రెండవది.

కోనోకార్పస్ మొదటి పరీక్షలో నెగ్గి రెండవదానిలో తప్పినది. ఈ జాతిలో ఒకటి అమెరికా, పశ్చిమాఫ్రికాల ఉష్ణమండల సముద్రతీరములది. మరియొకటి సోమాలియా, యెమెను ప్రాంతములది. మేక ముట్టదు, ఏడాది పొడవున పచ్చగా నుండును, కత్తిరించినచో గోడవలె నిలుచును. ఈ మూడు గుణములను చూచి రహదారుల నడుమను, కార్యాలయముల ముందును, బడులలోను లక్షలుగా నాటిరి. 2023లో గుజరాతు ప్రభుత్వము దీనిని నాటరాదని ఉత్తరువు చేసినది. వేళ్లు నేలలోని తీగెలను, మురుగుగొట్టములను చెరచునని, పుప్పొడి వలన జలుబు, ఉబ్బసము వంటి బాధలు కలుగునని చూపిన కారణములు. పుప్పొడి సంగతిని శాస్త్రజ్ఞులందరును ఒక్క గొంతుతో చెప్పుట లేదు. వారి వాదము తేలువరకు బడివారు వేచియుండనక్కరలేదు. పిల్లవాడు తినదగిన పండు లేని చెట్టు, గురువు చూపదగిన పాఠము లేని చెట్టు, కత్తెరతో ఏటా కత్తిరింపవలసిన చెట్టు పాఠశాలకెందుకన్న ప్రశ్న చాలును.

గురువు చూపదగిన పాఠము అన్నమాటను కొంచెము విప్పి చూడవలసియున్నది. బడితోటకును బంగళా తోటకును గల తేడా అంతయు అందే యున్నది. క్రోటను ముందు నిలిచి ఉపాధ్యాయుడు చెప్పగల పాఠము రంగుల పేర్లతో ముగియును. కరివేపచెట్టు ముందు నిలిచిన నెలదినములు ముగియదు. వానకాలమున దాని లేత ఆకులపై పక్షి రెట్టవలె తెలుపు నలుపు కలిసిన చిన్న పురుగు కనబడును. శత్రువు కంటికి రెట్టగా తోచుటయే దాని యెత్తు. కొన్ని దినములకు చర్మము విడిచి ఆకుపచ్చనిదగును. పుల్లతో తాకినచో తలవెనుకనుండి ఎఱ్ఱని రెండు కొమ్ములను చాచి ఘాటైన వాసన వదలును. పిదప పుల్లకు నడుమున దారము కట్టుకొని గూడై నిలుచును. ఒకనాటి యుదయమున రెక్కలు ఆరబెట్టుకొని ఎగిరిపోవును. నిమ్మపైనను, మారేడుపైనను ఇదియే నాటకము జరుగును. తంగేడు, రేల ఆకులపై లేతపసుపు సీతాకోకచిలుకల పిల్లలు మేయును. జిల్లేడుపై నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు బహిరంగముగా మేయుచు ఎవరికిని భయపడదు. జిల్లేటిపాల చేదు దాని యొంట నుండుటచే పక్షులు దానిని వదలివేయును. పుస్తకములో రూపపరివర్తనమను పాఠము నాలుగు బొమ్మలతో నున్నది. ఆ నాలుగు బొమ్మలును కరివేపకొమ్మపై రూపాయి ఖర్చు లేకుండ కదలుచుండగా, పురుగు పట్టినదని మందు చల్లించుట పాఠశాలలో జరుగవలసిన పని కాదు.

మేలైన తోటకు సాక్ష్యము కావలసినయెడల మదనపల్లె సమీపమున రిషివ్యాలీ విద్యాలయమున్నది. వాన తక్కువైన ఆ లోయలో బోసిగుట్టలను దశాబ్దములపాటు మేతనుండి కాపాడి, ఆ నేలకు తగిన చెట్లను పెంచి తిరిగి పచ్చనివానిగ జేసిరి. 1991లో ఆ లోయను పక్షులకు రక్షితస్థలముగా ప్రకటించిరి. జిల్లాపరిషత్తు పాఠశాలకు అంత నేల లేదు, అన్ని వసతులును లేవు. లేకపోయినను, ఇరువది సెంట్ల ఆవరణలో ఒక వేప, ఒక నేరేడు, గోడ వెంట తంగేడు, మూలను వావిలి, వంటశాల ప్రక్క కరివేప, మునగ చాలును. ఈ మాత్రము తోటకు వచ్చు పిట్టలను లెక్కించుటకే ఒక విద్యార్థికి నోటుపుస్తకము నిండును.

స్వదేశపు మొక్కయన్న మాటను మతముగా చేయువారును కలరు. వారు కొంచెము నిదానింపవలెను. పులుసులోని చింతపండు మూలమున ఆఫ్రికాదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గుమ్మమునకు కట్టు బంతి మెక్సికోది. పచ్చడిలోని మిరప, పెరటిలోని జామ, గుట్టలమీది సీతాఫలము, అన్నియు అమెరికానుండి సముద్రము దాటి వచ్చినవే. వీనిని వెళ్లగొట్టవలెననువాడు ముందుగా తన విస్తరిని చూచుకొనవలెను. వచ్చి, ఒదిగి, పదిమందికి పెట్టు చుట్టమును ఎవరును పరాయివాడనరు. బడిలో బంతినారు పోయుట తప్పు కాదు. బంతితో తోట ముగిసినదనుకొనుట తప్పు. అట్లే దేశీయమైనదెల్ల నిరపాయమనుటయు పొరపాటు. గన్నేరు ఆకునుండి వేరువరకు విషము. అమెరికానుండి వచ్చిన పచ్చగన్నేరు గింజ ప్రాణాంతకము. ఐనను పసుపు గంటలవంటి దాని పూలు చూచి ఎన్నో బడులలో నాటుచున్నారు. జిల్లేటిపాలు కంట పడరాదు. చిన్నపిల్లల బడిలో మొదటి రెంటిని తీసివేయవలెను. జిల్లేటిని ఎడముగా నొక మూలకు పరిమితము చేయవలెను.

ఏ మొక్క ఏ నేలదన్న ప్రశ్నకు హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చుండి ఒకే జాబితా వ్రాయుట వలన చాల నష్టము జరిగినది. అనంతపురమున సంవత్సరమునకు కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. శ్రీకాకుళమున వేయి దాటును. ఈ రెండు చోట్లకును ఒకే లారీలో ఒకే మొక్కలు పోవుచున్నవి. ఉద్దానపు ఇసుకనేలకు పొన్న, గంగరావి, మొగలి తగును. నీరు నిలుచు డెల్టా భూములకు తెల్లమద్ది, నేరేడు మేలు. రేగడికి నల్లతుమ్మయు, రేగును. ఎఱ్ఱనేలకు ఉసిరి, మారేడు, వెలగ. ఏజెన్సీ బడులకు ఇప్ప, మొర్రి, కరక. ఇదియు స్థూలమైన లెక్కయే. సరియైన జాబితాను వ్రాయగలవాడు మరియొకడున్నాడు. మే నెలలో ఊరిచుట్టు కోసు దూరము నడచి, యజమాని లేకయు, నీరు లేకయు పచ్చగా నిలిచిన చెట్లు ఏవేవో చూచి, గొఱ్ఱెలకాపరి నడిగి వాని పేర్లు వ్రాసికొని వచ్చు విద్యార్థి యతడు. ఆ కాగితమే ఆ బడికి తోటశాస్త్రము.

పెంపకమే అక్కరలేని తోట యున్నదని చెప్పిన అది అబద్ధము. ఏ చెట్టుకైనను మొదటి రెండు వేసవులు కష్టకాలము. వేరు లోతునకు పోవువరకు దానికి తోడు కావలెను. ఆ తోడు తెలివిగా నీయవచ్చును. గుంటను మే నెలలోనే మూరన్నర లోతున తవ్వి ఎండనీయవలెను. పైమట్టిని, చివికిన పశువుల యెరువును కలిపి నింపి, రెండు మంచి వానలు పడిన పిదప నాటవలెను. ఎత్తైన మొక్క చూపునకు బాగుండునని ఆరడుగుల మొక్కను తెచ్చుట సాధారణము. ఫొటోకు అది మంచిదే. కాని ప్లాస్టికు సంచిలో అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకొన్న ముదురుమొక్క కంటె జానెడు లేతమొక్క త్వరగా నిలద్రొక్కుకొనును. దానికంటెను గింజను నాటవలసిన చోటనే నాటుట మేలు. తల్లివేరు తెగక నేరుగా దిగును. జమ్మివేరు ఇరువది మీటర్లకు మించిన లోతునకైనను పోగలదు. దానిని సంచిలో బంధించి యేడాది పెంచుట దాని బలమునే తీసివేయుట.

మొదటి వేసవికి కుండను మించిన తోటమాలి లేడు. కాల్చిన మట్టికుండను మొక్కకు జానెడు దూరమున మెడవరకు పాతి, నీరు నింపి మూతపెట్టినచో, కుండగోడలనుండి ఊరిన తడి కొన్ని దినములపాటు వేరునకు అందుచుండును. రోజును పోయనక్కరలేదు, ఆవిరియై పోవునది తక్కువ. సెలవులలో బడికి దగ్గరనున్న ఇండ్ల పిల్లలు వంతులవారీగా వారమునకు రెండు మారులు కుండలు నింపిన చాలును. రెండు వేసవులు గడచినచో కుండను తీసి మరియొక మొక్కకు పెట్టవచ్చును. బడి జరుగు దినములలో మరియొక నీటి వనరు కంటియెదుటనే యున్నది. మధ్యాహ్నభోజనమైన పిదప నూరుగురు పిల్లలు చేయి, కంచము కడుగుకొనుటకు తలకొక లీటరు చొప్పున వాడినను నూరు లీటర్లు. అది నేడు వంటశాల వెనుక బురదయై దోమలను పెంచుచున్నది. చిన్న కాలువ తీసి కరివేప, మునగ పాదులకు మళ్లించినయెడల ఆ నీరే తిరిగి పప్పులోనికి ఆకుగా వచ్చును.

మేకలనుగూర్చి ప్రతి ప్రధానోపాధ్యాయుడును మొరపెట్టుకొనును. ముళ్లకంప కట్టుట ఒక పద్ధతి. మేక కిష్టము లేని మొక్కలను అంచున నాటుట అంతకంటె మన్నికయైనది. వావిలిని, అడ్డసరమును పశువు సామాన్యముగా ముట్టదు. అడ్డసరమునకు తమిళులు పెట్టిన పేరునకు మేక తాకనిదని అర్థము చెప్పుదురు. పొద ముదిరి కంచెయైనపుడు దాని చాటున లేతమొక్కలు పెరుగును.

అన్నిటికంటె పెద్ద ఆటంకము చీపురు. బడి శుభ్రతయనగా నేలపై ఆకు లేకుండుట యని లెక్క. తనిఖీ అధికారి వచ్చు దినమున ఈ శుభ్రత పరాకాష్ఠ నందును. చెట్టు రాల్చిన ఆకునంతయు ఊడ్చి, కుప్పవేసి, తరగతిగదుల ప్రక్కనే తగులబెట్టి, ఆ పొగను పిల్లలచేత పీల్పించి, మరునాడు అదే చెట్టుకు ఎరువు బస్తా కొనితెచ్చుట కొన్ని బడులలో వార్షికాచారము. ఆకును పాదులో జానెడు మందమున పరచినచో నేల తడి ఆరదు, కలుపు లేవదు, చివికి ఎరువగును. ఊడ్చి ఊడ్చి బోసిచేసిన నేలకు పిలువకయే వచ్చు అతిథి వయ్యారిభామ. ఆ మొక్క దురదను, ఉబ్బసమును తెచ్చునని అందరెరుగుదురు. ఆకు క్రింద పాములు చేరునన్న భయము మాత్రము కొట్టివేయదగినది కాదు. నడకదారులను, గదుల ముంగిళ్లను, ఆటస్థలమును శుభ్రముగా నుంచి, ఆకును చెట్లపాదులకు పరిమితము చేసినచో ఆ భయమునకు తావు తగ్గును. పొదలను తరగతిగోడలకు దూరముగా నాటవలెను. ఇది కొంత మెలకువ కోరును. కాని పాతిక బిందెలు కోరదు.

అడవివలె నున్నదన్నది మరియొక నింద. ఈ నిందను కొంత అంగీకరింపవచ్చును. దేశీయపు తోట ఏడాది పొడవున ఒకే రంగున నుండదు. ఫిబ్రవరిలో కొన్ని చెట్లు మోళ్లగును, మేలో గడ్డి పండిపోవును, జూలైలో అంతయు ఒక్కమారు లేచును. అట్లు మారుట చూచిన పిల్లవానికి ఋతువు లెన్నియో కంఠస్థము చేయనక్కరలేదు. ఎల్లకాలము ఒకే పచ్చదనముతో నుండు తోట అతనికి కాలమునుగూర్చి ఏమియు చెప్పదు. చచ్చిన మొక్కలతో నిండిన తోట చెప్పునది మరియు చెడ్డది. నాటుట తంతు, చప్పట్లే ఫలము, బ్రతికినను చచ్చినను ఎవరును అడుగరు అన్న పాఠము పదేండ్ల చదువులో పదిమారులు చూచిన విద్యార్థికి, పర్యావరణమునుగూర్చి ఎంత చక్కని వ్యాసమును వ్రాయించినను అది నమ్మకముతో వ్రాసినది కాజాలదు.

ఇంతకుమించి పోవుచున్నవి పేర్లు. 1781 మొదలు కొన్ని సంవత్సరములు స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బరో సామర్లకోటలో నుండి, సర్కారు జిల్లాల మొక్కలను పరిశీలించి, కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి 1795 నుండి మూడు సంపుటములుగా వెలువడిన గొప్ప గ్రంథమును సిద్ధపరచెను. బొమ్మలు గీసినవారు ఈ దేశపు చిత్రకారులు. మొక్కల పేర్లు చెప్పినవారు ఊళ్లలోని సామాన్యజనులు. ఆయన వారి నోట విన్న తెలుగు పేర్లను వ్రాసికొనెను. సోమిద యను చెట్టు పేరు లాటిను వేషము వేసికొని ‘సోయ్మిడా’ యైనది. రాయలసీమ కొండలలోని జాలారిజాతి వృక్షమొకటి ‘షోరియా తుంబుగ్గాయా’ యను పేర తెలుగు మాటను ప్రపంచమంతట మోయుచున్నది. నాడు చదువురాని కూలివాడు చెప్పిన పేర్లను నేడు చదువుకొన్న పిల్లవాడు చెప్పలేకపోవుటకు అతని బుద్ధిలోపము కారణము కాదు. ఆ చెట్లు అతని కంటి ముందు లేవు. బలుసు, పరికి, కలివి, పాల, తునికి అను మాటలు నిఘంటువులో నున్నవి. అవి యన్నియు పండ్లు. నోరు పులిసిపోవునట్లు తినదగినవి.

చెట్టునకు పలక కట్టుట మంచి అలవాటే. దానిపై శాస్త్రనామముతో పాటు ఆ ఊరివారు పలుకు పేరును వ్రాయవలెను. ఒక జిల్లాలో ఒక పేరు, మరియొక జిల్లాలో మరియొక పేరు ఉన్నచో రెండును వ్రాయవలెను. పలక వ్రాయు పని పిల్లలది. పేరు చెప్పు పని వారి తాతలది, అవ్వలది. అవ్వ బడికి వచ్చి పాఠము చెప్పుటకు ఇంతకంటె మంచి అవకాశము దొరకదు.

ఈ పనికి నర్సరీ లారీకై వేచియుండనక్కరలేదు. కానుగకాయలు వేసవికి ముదురును; గింజలు కొన్ని నెలలు నిలువయుండును. తంగేడు, రేల గింజల పెంకు గట్టిది. వేడినీరు పోసి ఒక రాత్రి నాననిచ్చినచో మొలక తేలికయగును. రేగుటెంకను చిన్నగా చిదిపి నాటవలెను. వేపగింజకు మాత్రము తొందర యెక్కువ. పండు రాలిన కొద్ది వారములకే దానిలోని జీవము పోవును, నేరేడుగింజయు అట్టిదే. జూన్ మాసమున బడి తెరచు వారములలోనే ఊరి వేపచెట్ల క్రింద పండ్లు పసుపుపచ్చగా రాలుచుండును. కాకులు, గోరింకలు తినగా మిగిలినవానిని పిల్లలు ఒక సాయంకాలమున ఏరి, గుజ్జు కడిగి, నీడను ఆరబెట్టి, వారము తిరుగకముందే పాదున రెండేసి గింజల చొప్పున పూడ్చవచ్చును.